డ్రా ఎవరిది?

కనుమ నాటి మధ్యాహ్నం. గారెలూ కోడికూరా అయ్యాక సికింద్రాబాద్‌లో మా చిన్నాన్నగారి ఇంటి వసారాలో చేరాం. చిన్నాన్న కూతురు పెళ్లయి తొమ్మిదేళ్లుగా జపాన్‌లో, షిజువోకా నగరంలో ఉంటోంది. 2025 సంక్రాంతికి వస్తూ వస్తూ ఆ ఊరి పచ్చ తేయాకు పొట్లాలు తెచ్చింది. ఆమె తమ్ముడిది రైల్వే అకౌంట్స్‌లో ఉద్యోగం. ఆదివారమైతే మాత్రం మెడలో ఈల వేసుకుని ఊళ్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా వెళ్తాడు. చిన్నప్పుడు ఈ అక్కాతమ్ముళ్లు గాలిపటం తెగిందా, తెంపారా అని రెండు రోజులు కొట్లాడుకోవడం నేను చూశాను. ఈసారి వాళ్లకు దొరికింది షిమిజు ఎస్-పల్స్ అనే జపాన్ క్లబ్బు, 2023లో అది రెండో డివిజన్‌లో ఆడిన సీజను.

తమ్ముడు: ఏడాది దాటిపోయింది. ఇంకా ఆ పెనాల్టీ పాటేనా అక్కా?

అక్క: నువ్వు అక్కడ కూర్చుని ఉంటే తెలిసేది. 2023 డిసెంబర్ 2. టోక్యో నేషనల్ స్టేడియం. 53,264 మంది జనం. నా పక్కన మా వీధి చివరింటి పెద్దావిడ, ఒళ్లో సంచినిండా మికాన్ పళ్లు. మన కమలాపండే అనుకో, తోలు ఇంకాస్త వదులుగా ఉంటుంది. మా జట్టు చొక్కా రంగు కూడా అదే. టోక్యో వెర్డీ మీద 1–0తో ముందున్నాం. తొంభై నిమిషాలు అయిపోయి ఇంజురీ టైమ్ నడుస్తోంది. ఆవిడ ఒక పండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. తొన నోట్లో వేసుకున్నానో లేదో రెఫరీ చెయ్యి పెనాల్టీ చుక్కకేసి చాచాడు. తొంభై దాటాక ఆరో నిమిషం అది. సొమెనో ఇత్సుకి కొట్టాడు, 1–1. కాసేపటికి చివరి ఈల. ఇంటికొచ్చి కోటు జేబులో చెయ్యి పెడితే ఆ తొక్కలు నలిగి ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నానో నాకు గుర్తే లేదు.

తమ్ముడు: బాక్సులో కాళ్లకడ్డంగా జారితే పెనాల్టీ కాక మరేమిస్తారు? వీడియో నేనూ చూశాను. నేనైనా ఊదేవాణ్ణి.

అక్క: పెనాల్టీ తప్పని నేనెప్పుడన్నాను? మాకొచ్చిన గోలూ పెనాల్టీయే. వెర్డీ కెప్టెన్ మొరితా కోకి చేతికి బంతి తగిలితే తియాగో సంతానా కొట్టాడు. లెక్క సరిపోయింది. నా గొడవ ఆ తర్వాతి సంగతి మీద. స్కోరు 1–1. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఎక్స్‌ట్రా టైమ్ లేదు, షూటౌట్ లేదు. ఈల పడగానే వాళ్లు ఎగిరి గంతులేశారు, మావాళ్లు గడ్డిమీద కూలబడ్డారు. సమానంగా ఆడిన మ్యాచ్‌లో ఒకడు గెలిచాడని ఎట్లా రాస్తారురా?

తమ్ముడు: రూలు పుస్తకంలో ముందే రాసి ఉంది కాబట్టి.

ఇక్కడ నేను కాస్త ఆపాల్సి వచ్చింది. వాళ్లిద్దరికీ ఆ లీగు కరతలామలకం, నాకు మాత్రం అడిగితే గానీ తెలియని సంగతి. ఆ ఏడు రెండో డివిజన్‌లో, అంటే జే2లో, 22 క్లబ్బులు. ఒక్కొక్కటీ 42 మ్యాచ్‌లు ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. పట్టికలో మొదటి రెండు క్లబ్బులూ నేరుగా పై డివిజన్‌కి వెళ్తాయి. మూడు నుంచి ఆరు స్థానాల్లో ఉన్నవి ప్లేఆఫ్ ఆడితే అందులోంచి ఒక్కటే వెళ్తుంది. ప్లేఆఫ్‌లో మ్యాచ్ డ్రా అయితే పట్టికలో పైన ఉన్న క్లబ్బు గెలిచినట్టే లెక్క. వెర్డీది మూడో స్థానం, షిమిజుది నాలుగు.

అక్క: మూడుకీ నాలుగుకీ ఉన్న తేడా ఎంతో అన్నయ్యకి చెప్పు.

తమ్ముడు: ఒక్క పాయింటు. వెర్డీకి 75, షిమిజుకి 74.

అక్క: తొమ్మిది నెలలు, నలభై రెండు మ్యాచ్‌లు ఆడాక మిగిలిన తేడా ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు ఫైనల్ రోజున అర గోలంత అయి కూర్చుంది. మేం ఆ మ్యాచ్ మొదలెట్టడమే అర గోలు అప్పుతో మొదలెట్టాం. ఇదేం న్యాయం?

తమ్ముడు: అప్పు అంటున్నావు కదా, మరి వారం ముందు ఆ అప్పు ఎవరిచ్చారో కూడా చెప్పు. సెమీఫైనల్లో ఐదో స్థానం వచ్చిన మాంటెడియో యమగాటా మీ ఊరొచ్చింది. స్కోరెంత?

అక్క పలకలేదు. తేయాకు నీళ్లు ఊదుకుంటూ తాగింది.

తమ్ముడు: 0–0. ఎక్స్‌ట్రా టైమ్ లేదు, షూటౌట్ లేదు. పైన ఉన్నారు కాబట్టి మీరే ఫైనల్‌కి. ఆ రోజు నిహోన్‌దైరా స్టేడియంలో నువ్వు గంతులేశావా, లేక యమగాటా వాళ్లకి అన్యాయం జరిగిందని ఏడ్చావా?

అక్క: గంతులేశాను. ఎందుకు వెయ్యను?

తమ్ముడు: అదీ సంగతి. మనకి పనికొచ్చినన్నాళ్లూ రూలు, పనికిరానినాడు అన్యాయం.

అక్క: ఒరేయ్, గంతులేసినంత మాత్రాన రూలు మంచిదైపోతుందా? ఎక్కువ చిల్లర ఇచ్చిన కిరాణావాడి దగ్గర నోరు మూసుకుని వచ్చేస్తాం. అంత మాత్రాన వాడి లెక్క సరైందనా? ఆ 0–0 మ్యాచ్ ఎట్లా నడిచిందో నాకు తెలుసు. ఇంకో గోలు కొట్టాలన్న తపన మావాళ్లలో లేదు, కాపాడుకుంటే చాలన్న భయం ఉంది. వారం తిరిగేసరికి అదే భయం ఇంకో రూపంలో వచ్చి కూర్చుంది. 1–0 ఉన్నా సరే, ఒక్క గోలు పడితే పోయాం. ముందున్నవాడికి ఊపిరాడదు. ఆ రూలు ఒకణ్ణి బద్ధకస్తుణ్ణి చేస్తుంది, ఇంకొకణ్ణి పిరికివాణ్ణి.

తమ్ముడు: మూడోవాణ్ణి వీరుణ్ణి కూడా చేస్తుంది. 2014 సెమీఫైనల్ గుర్తు చేసుకో. మీ పక్క ఊరి జుబిలో ఇవాటా నాలుగో స్థానం, ఇదే యమగాటా ఆరో స్థానం. ఇంజురీ టైమ్‌లో 1–1. అట్లాగే అయిపోతే ఇవాటాదే మ్యాచ్. కార్నర్ వచ్చింది. యమగాటా గోల్‌కీపర్ యమగిషి నొరిహిరో తన గోలు వదిలేసి ఆ చివరికి పరుగెత్తి తలతో కొట్టాడు. గోలు! షూటౌట్ ఉంటే వాడు తన గీత దాటేవాడా? ఆ గోలు కొట్టింది తలే కానీ కొట్టించింది ఆ రూలే.

అక్క: ఆ ఏడు యమగాటా పైకెళ్లి ఏం చేసిందో కూడా చెప్పు మరి.

తమ్ముడు: మరుసటేడు ఆఖరున నిలిచి దిగిపోయింది.

అక్క: ఒక్క యమగాటాయేనా? ప్లేఆఫ్ 2012లో పెట్టారు. ఆరో స్థానం నుంచి ఒయితా వెళ్లింది, 2013లో రెండే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున పడింది. తర్వాత తొకుషిమా, తర్వాత యమగాటా, తర్వాత ఫుకువోకా. నాలుగేళ్లు వరసగా ప్లేఆఫ్ గెలిచి వెళ్లినవాళ్లంతా మరుసటేడు ఆఖరి స్థానమే. ఆ ఫుకువోకా 2015లో వెళ్లింది కూడా 1–1 డ్రాతోనే. సెరెజో ఒసాకా అప్పుడు మాలాగే ఏడ్చింది. అసలు ఎవరు పైకెళ్లాలో తేల్చడం చేతగాని పద్ధతి అని చెప్పడానికి ఇంకేం కావాలి?

తమ్ముడు: మరి వెర్డీ? పైకెళ్లిన మొదటేడే, 2024లో ఆరో స్థానం. అదే 2023లో మీ నెత్తిమీంచి నేరుగా వెళ్లిన ఇవాటా 2024లో 18వ స్థానంలో నిలిచి మళ్లీ కిందికొచ్చింది. నేరుగా వెళ్లినవాడు దిగాడు, డ్రాతో వెళ్లినవాడు నిలబడ్డాడు. ఇప్పుడేమంటావు?

నా అభిప్రాయం అడిగితే, ఇక్కడ ఇద్దరూ దారి తప్పారు. తర్వాతి ఏడు ఎవరు ఎక్కడ తేలారన్నది ముందు ఏడాది న్యాయానికి సాక్ష్యం కాదు. కానీ వాదన మంచి వేడిమీద ఉండగా మధ్యలో దూరితే మా ఇంట్లో ఇద్దరూ కలిసి నామీదకొస్తారు. ఊరుకున్నాను.

తమ్ముడు: అసలు నువ్వు డిసెంబర్ రెండునే పట్టుకుని వేలాడుతున్నావు. సీజను ఆ రోజు పోలేదక్కా. నా లెక్కలో అది మొదటి రోజునుంచే కారడం మొదలెట్టింది. ఫిబ్రవరిలో మొదటి మ్యాచ్ సొంత మైదానంలో మితో హోలీహాక్‌తో 0–0. మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు లేదు. ఐదు డ్రాలు, రెండు ఓటములు. బ్రెజిల్ కోచ్ జె రికార్డోని ఏప్రిల్ మొదట్లోనే పంపించేశారు. ఎట్లాంటి జట్టు అది! గోల్‌కీపర్ గోందా షుయిచి. 2022 ప్రపంచకప్‌లో జర్మనీనీ స్పెయిన్‌నీ ఓడించిన జపాన్ జట్టుకి గోలు కాసినవాడు. మూడు నెలలు తిరక్కుండా రెండో డివిజన్‌లో మితో మీద డ్రా. ఇనుయి తకాషి, 2018 ప్రపంచకప్‌లో బెల్జియం మీద గోలు కొట్టినవాడు. ఇక ఆ సంతానా, 2022లో మొదటి డివిజన్‌లోనే అందరికన్నా ఎక్కువ, 14 గోల్స్ కొట్టాడు. అత్యధిక గోల్స్ వీరుడు మీ జట్టులో ఉండగానే మీరు 17వ స్థానంలో నిలిచి దిగిపోయారు. అసలు అదెట్లా సాధ్యమో నాకిప్పటికీ అంతుపట్టదు.

అక్క: ఆ ఏడు మా జిల్లా అంతటికీ అట్లాగే రాసిపెట్టి ఉందిరా. మేమూ ఇవాటా కలిసే దిగాం. 1993లో జే లీగ్ పుట్టాక పై డివిజన్‌లో షిజువోకా ప్రిఫెక్చర్ క్లబ్బు ఒక్కటీ లేని మొదటి ఏడు 2023. అక్కడివాళ్లకి అది ఎంత తలవంపో నీకు తెలీదు. జపాన్‌లో ఫుట్‌బాల్‌కి పుట్టిల్లేదంటే షిమిజు పేరే చెప్తారు. మిగతా తొలి క్లబ్బులన్నీ ఏదో ఒక కంపెనీ జట్టు పేరు మార్చుకుని వచ్చినవే. నిస్సాన్‌ది ఒకటి, మజ్దాది ఒకటి. మాదొక్కటే ఊరిలోంచి పుట్టింది. 1997లో డబ్బుల్లేక మూతపడబోతే ఆ ఊరి రేవులోనే వ్యాపారం చేసుకునే సుజుయో కంపెనీ వాళ్లు చెయ్యందించి నిలబెట్టారు. 2003లో షిమిజు అనే నగరాన్నే షిజువోకాలో కలిపేశారు. ఊరి పేరు మ్యాపులో ఒక వార్డు అయింది. ఇప్పుడు ఆ పేరు గట్టిగా అరవడానికి మిగిలిన చోటు స్టేడియమే.

తమ్ముడు: అది వేరే బాధ. దానికి పాయింట్లివ్వరు.

అక్క: నీకు పాయింట్లే కావాలంటే విను. నువ్వే అన్నావు, మొదటి ఏడింట్లో గెలుపు లేదని. కొత్త కోచ్ అకిబా తదహిరో వచ్చాక మిగిలిన 35 మ్యాచ్‌ల్లో 20 గెలిచాం. మే నెలలో ఇవాకి వాళ్ల ఊరెళ్లి 9–1తో కొట్టాం. తొమ్మిది గోల్స్!

తమ్ముడు: తొమ్మిదికీ మూడు పాయింట్లే. అందులో ఒక్క గోలు దాచుకుని నవంబర్‌లో వాడుకుని ఉంటే సరిపోయేది.

అక్క: గోల్స్ ఫ్రిజ్‌లో దాచుకునేవి అయితే నీలాంటి అకౌంట్స్ వాళ్లే కోచ్‌లు అయ్యేవాళ్లు.

తమ్ముడు: నవ్వకు. నవంబర్ 12కి రా. ఆఖరి మ్యాచ్. ఆ పొద్దున షిమిజు రెండో స్థానంలో ఉంది, 73 పాయింట్లు. ఇవాటాకి 72, వెర్డీకి 72. గెలిస్తే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఎదుట ఎవరు? మళ్లీ మితో. అకిబా ఆ ముందేడు వరకూ మూడేళ్లు కోచ్‌గా ఉన్న క్లబ్బే. ఏమైంది? 1–1. అటు ఇవాటా తోచిగిలో 2–1తో గెలిచింది, ఇటు వెర్డీ ఒమియాలో 2–0. రెండు గంటల్లో రెండు నుంచి నాలుగుకి జారారు. మితోతో డ్రాగా మొదలెట్టి మితోతో డ్రాగా ముగించారు. మధ్యలో ఇంకో పన్నెండు. మొత్తం 14 డ్రాలు. 20 గెలుపులు, 14 డ్రాలు, 8 ఓటములు. ఆ పద్నాలుగులో ఏ ఒక్కటి గెలిచినా 76 పాయింట్లు, నేరుగా పైకి. ప్లేఆఫ్ అవసరమే లేదు, సొమెనో కాలు అవసరమే లేదు. పెనాల్టీ ఇచ్చిన రెఫరీని తిట్టే బదులు ఆ పద్నాలుగు రోజుల్ని తిట్టుకో.

లెక్క నిజమే. అక్క ఓడిపోయిందనే నేననుకున్నాను. ఆవిడ మాత్రం గ్లాసు కింద పెట్టి పండుగ ముగ్గు వేసిన చేత్తో నేలమీద అంకెలు గీయడం మొదలెట్టింది.

అక్క: ఇప్పుడు నా లెక్క విను. డ్రాల వల్ల పోయామన్నావు. మేం కొట్టిన గోల్స్ 78, తిన్నవి 34. తేడా 44. ఇవాటాకి తేడా 30, వెర్డీకి 26. పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తారు, అవునా?

తమ్ముడు: అవును.

అక్క: ఓడిన ఎనిమిది మ్యాచ్‌ల్లో ఏ ఒక్కటైనా డ్రా చేసుకుని ఉంటే 75 పాయింట్లు. ముగ్గురం సమానం. గోల్స్ తేడాతో మేమే రెండోవాళ్లం. నేరుగా పైకి! గెలవక్కర్లేదురా, ఇంకొక్క డ్రా చాలు. పద్నాలుగు డ్రాలు ఎక్కువై పోలేదు మేము, పదిహేనోది లేక పోయాం.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు. లెక్క తప్పు లేదని అతని మొహం చూస్తేనే తెలిసింది.

తమ్ముడు: మాటల గారడీ అది.

అక్క: అంకెలు నీవే కదా! నువ్వు పట్టికే దేవుడంటావు. ఆ పట్టికే చెప్తోంది డ్రాకి సొంత విలువంటూ లేదని. ఏప్రిల్‌లో డ్రా అయితే రెండు పాయింట్లు పోయాయని ఏడుస్తాం. ఓడబోయే మ్యాచ్‌లో డ్రా అయితే ఒకటి దక్కిందని దండం పెడతాం. యమగాటాతో డ్రా పెళ్లిభోజనం, వెర్డీతో డ్రా చావుభోజనం. ఒకటే స్కోరు. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. అట్లాంటిదాన్ని తీసుకెళ్లి ఫైనల్లో పైన ఉన్నవాడి చేతిలో పెడితే అది వాడి సొత్తు అయిపోదూ?

తమ్ముడు: సొత్తే. సంపాదించుకున్న సొత్తు. ఇక్కడే మనిద్దరికీ కుదరంది. వెర్డీకి ఆ హక్కు ఊరికే రాలేదు. నలభై రెండు మ్యాచ్‌లు ఆడి తెచ్చుకున్నారు. ఫైనల్లో డ్రా అయితే ఇద్దర్నీ సమానంగా చూసి షూటౌట్ పెట్టావనుకో, ఆ నలభై రెండు మ్యాచ్‌లకీ విలువ లేనట్టేగా? ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా పైన నిలబడ్డవాడికి ఏమిచ్చినట్టు? ఒక్క రోజు ఆట ఏడాదంతటి ఆటనీ మింగేయకూడదనే ఆ రూలు. నువ్వు తిడుతున్న ఆ రూలే పట్టికకి కాస్త గౌరవం ఇస్తోంది.

అక్క: పట్టికకి అంత గౌరవం ఇవ్వాలంటే ప్లేఆఫ్ ఎందుకు పెట్టడం? మూడోవాణ్ణి నేరుగా పంపెయ్యొచ్చుగా. ఆట పెట్టి టిక్కెట్లమ్మి, యాభై మూడు వేలమందిని కూర్చోబెట్టి, ఆఖర్న అయ్యా పట్టిక చూసుకోండి అంటే ఎట్లా?

ఈ ప్రశ్నకి తమ్ముడి దగ్గర జవాబు లేదని నాకనిపించింది. లీగు వాళ్ల దగ్గర మాత్రం ఉంటుంది. ప్లేఆఫ్ లేకపోతే ఆరు, ఏడు, ఎనిమిది స్థానాల క్లబ్బులకి సెప్టెంబర్ నాటికే సీజను అయిపోయినట్టు. ఉంటే నవంబర్ దాకా గేట్లు నిండుతాయి. అది బజారు జవాబు, న్యాయం జవాబు కాదు. అది తెలుసు కాబట్టే తమ్ముడు ఆ దారి పట్టలేదు.

తమ్ముడు: కనీసం మీకు కిందా పైనా అంటూ ఉన్నాయి. మన ఐఎస్‌ఎల్ చూడు. 2022లో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24లో పట్టికలో అట్టడుగున పడింది. ఏమైంది? ఏమీ కాలేదు. మరుసటి సీజనూ అదే లీగ్‌లో ఆడింది. దిగడమంటూ లేని చోట అంత ఏడుపూ ఉండదు, నీ కోటు జేబులో తొక్కలూ ఉండవు. తాతయ్య రహీం సాబ్ జట్టు రోజులు చెప్పేవాడు గుర్తుందా? 1950 నుంచి వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ రోవర్స్ కప్పు గెలిచిన రోజులు. ఆయన కళ్లల్లో ఉండే మెరుపు ఇవాళ ఈ ఊళ్లో ఎవడి కళ్లల్లో ఉంది? నిన్ను చూసి అసూయగా ఉంటుందక్కా, నిజం చెప్పాలంటే. ఓడినందుకైనా సరే.

ఈ మాట అతను తలొంచుకుని అన్నాడు. అక్క కూడా గొంతు తగ్గించింది.

అక్క: ఆ పెద్దావిడ కథ పూర్తిగా చెప్పలేదు నీకు. తిరుగు రైల్లో నాకు చరిత్రపాఠం చెప్పింది. వెర్డీ, షిమిజు రెండూ జే లీగ్ పుట్టినప్పటి పది క్లబ్బుల్లోవే. లీగు మొదలవడానికి ముందేడే, 1992లో తొలి కప్పు ఫైనల్. నేషనల్ స్టేడియమే, అప్పటి పాతది. వెర్డీ 1, షిమిజు 0. గోలు కొట్టింది మియురా కజుయోషి, మా షిజువోకా పిల్లాడే! 1993లో మళ్లీ అదే ఫైనల్, వెర్డీ 2–1. 1996లో మూడోసారి. 3–3తో ముగిసి షూటౌట్‌లో షిమిజు గెలిచింది. ఆవిడ అప్పుడూ అక్కడే ఉందట. వేలు పైకెత్తి ఒక్కటే మాటంది. ఆ రోజు షూటౌట్ ఉండబట్టే గెలిచాం అని.

తమ్ముడు: అయితే నీ వాదన ఆవిడది.

అక్క: వాదన నాదే. ఆవిడ వాదించలేదు. ఆ మాట అని పడుకుంది, షిజువోకా వచ్చేదాకా లేవలేదు.

తమ్ముడు: సరే, నేను ఇవాటా మాట ఎత్తుతాను. దానికి జవాబు చెప్పు. ఒక ఆటగాడి ఒప్పందం గొడవలో ఫిఫా వాళ్లమీద నిషేధం పెట్టింది. కొత్త ఆటగాళ్లని నమోదు చేసుకోకూడదు. ఉన్నవాళ్లతోనూ ఇంట్లో పెరిగిన పిల్లలతోనూ ఆ సీజను లాగారు. ప్రపంచకప్ గోల్‌కీపర్ లేడు, బ్రెజిల్ నుంచి కొత్తగా ఎవర్నీ తేలేదు. మీమీద ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చుకుని వెళ్లిపోయారు. ఇక మచిదా జెల్వియా అయితే, నిన్నమొన్నటిదాకా అవొమొరిలో హైస్కూలు పిల్లలకి ఆట నేర్పిన కురొదా గోని కోచ్‌గా పెట్టుకుని 87 పాయింట్లతో కప్పు ఎత్తుకుపోయింది. వాళ్ల ముందు మీకేం తక్కువ? మీ నొప్పి నిజమే, కానీ దాన్ని దురదృష్టం అనకు.

అక్క: ఇవాటా విషయంలో నోరెత్తను. వాళ్లకి చప్పట్లు కొట్టాల్సిందే. కొట్టాను కూడా, మా ఊళ్లో ఎవరూ చూడకుండా.

తమ్ముడు: మరి 2024 ఒప్పుకుంటావా? జట్టు మారింది. సంతానా ఉరావాకి వెళ్లిపోయాడు. కోచ్ అదే అకిబా. క్లబ్బులు ఇరవై అయ్యాయి, మ్యాచ్‌లు 38. మీరు కప్పు కొట్టారు, 82 పాయింట్లతో. ఓటములెన్ని?

అక్క: ఎనిమిది.

తమ్ముడు: 2023లో?

అక్క: ఎనిమిదే.

తమ్ముడు: ఓటములు ఒక్కటీ తగ్గలేదు! తగ్గింది ఏమిటి? డ్రాలు. పద్నాలుగు నుంచి నాలుగుకి. గెలుపులు ఇరవై నుంచి ఇరవై ఆరుకి. పదిహేనో డ్రా కావాలన్నావు ఇందాక. కోచ్ నీ మాట వినలేదు, నా మాట విన్నాడు.

అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే నేలమీది అంకెల్ని అరచేత్తో తుడిచేసింది.

అక్క: ఎవరి మాట విన్నాడో నాకు తెలీదు. ఆ ఏడు చివర్లో నిహోన్‌దైరాలో సాంబా డప్పులు మోగుతుంటే, ఎండ బాగున్న రోజు స్టాండ్లోంచి ఫుజి కొండ కనిపిస్తుంటే, నా పక్కన ఆవిడ ఏమందో తెలుసా? 1–0తో ఉన్నాం. ఇంజురీ టైమ్. ‘ఇంకొకటి కొట్టండి, ఇంకొకటి’ అని అరిచి గొంతు పోగొట్టుకుంది. 1–0 చాలదు ఆవిడకి. ఎప్పటికీ చాలదు. ఆ పెనాల్టీ నాకు మాత్రమే మిగిలిందనుకున్నావా?

తమ్ముడు: మళ్లీ అక్కడికే వచ్చావు.

అక్క: వస్తాను. నువ్వు ఎన్ని మ్యాచ్‌లకి ఈల ఊదావో లెక్క చెప్పగలవు గానీ, ఏ మ్యాచ్ ఎవడి జేబులో మిగిలిపోయిందో నీకు తెలీదు.

తమ్ముడు: తిరుగు ప్రయాణం ఎప్పుడు?

అక్క: నెలాఖరుకి. ఫిబ్రవరి 16కి అక్కడ ఉండాలి. మొదటి డివిజన్‌లో మా మొదటి మ్యాచ్.

తమ్ముడు: ఎక్కడ?

అక్క: టోక్యో నేషనల్ స్టేడియం.

తమ్ముడు తల ఎత్తాడు.

తమ్ముడు: ఎవరితో?

అక్క: వెర్డీ. టిక్కెట్లు రెండు ఆవిడే తీసుకుంటానంది. మికాన్లు నేను పట్టుకెళ్లాలి.

తమ్ముడు కాసేపు గ్లాసులో అడుగంటిన తేయాకు చూస్తూ కూర్చున్నాడు. ఇంత చేదు ఎట్లా తాగుతారో వీళ్లు అని గొణిగి, అయినా ఇంకో గుక్క తాగాడు.

తమ్ముడు: డ్రా అయితే?

అక్క: లీగు మ్యాచ్ కదరా. చెరో పాయింటు.